ఏదో ఒకటి మాట్లాడండి

మా వదిన నోరు మూసుకుని ఉండగా నేను చూసింది ఒకే ఒక్కసారి. దాని గురించి చెప్పాలంటే ముందు ఆవిడ నోటి గురించి చెప్పాలి. అదేమంత చిన్న పని కాదు.

వదిన స్కానింగు సెంటర్లో నర్సు. పెద్ద ఆసుపత్రికే చెందిన, వెనక సందులోంచి మెట్లు దిగి వెళ్ళాల్సిన గదులవి. మిషన్ వేడెక్కకూడదని ఏసీ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది, మనుషులు మాత్రం బిగుసుకుపోవచ్చు. అక్కడికి వచ్చేవాళ్ళలో కొందరికి చేతి నరంలోకి రంగు మందు ఎక్కించి స్కాన్ తీస్తారు. ఆ మందు ఒంట్లో తిరిగితే లోపలి భాగాలు బొమ్మలో విడివిడిగా కనబడతాయి. ఎక్కేటప్పుడు ఒళ్ళంతా వేడెక్కుతుంది, నోట్లో ఇనుము నాకినట్టుంటుంది, బట్టలు తడిపేసుకున్నామేమోనని కంగారు పుడుతుంది. అవన్నీ మామూలే, కాసేపట్లో పోతాయి. కానీ కొందరికి ఆ మందు పడదు. చాలావరకు దద్దుర్లతో, దురదతో సరిపోతుంది. ఎక్కడో ఒకరికి గొంతు వాచి, ఊపిరి అందక, బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ఆ ఒకరు ఎవరో ముందుగా ముఖాన రాసి ఉండదు కదా! అందుకని మందు ఎక్కినవాళ్ళందరినీ చేతికి పెట్టిన సూది తీయకుండా పక్కగదిలో కూర్చోబెట్టి కాసేపు కనిపెట్టుకుని ఉండాలి. ఆ కనిపెట్టుకుని ఉండటమే మా వదిన ఉద్యోగం.

ఆ ఉద్యోగం ఆవిడ నోటితో చేస్తుంది.

"పెద్దాయనా, మీకు అల్లుళ్ళెందరు? వాళ్ళలో పనికొచ్చేవాడెవడు?"

"ఏమ్మా, పొద్దున ఇంట్లో ఎవరితో పోట్లాడి వచ్చావు? ముఖం అలా పెట్టావు?"

జనం చెప్పేస్తారు. మీసాలు తిప్పుకుంటూ వచ్చిన ఒక మేస్త్రీ, పెళ్ళాం ఊరెళితే గానీ తనకి కంటినిండా నిద్రపట్టదని మా వదినకి చెప్పాడట. అది ఆవిడ ఇంటికొచ్చి మాకు చెప్పింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. మిషన్ నడిపే మాస్టారు ఆవిణ్ణి "వాగుడుకాయ" అని పిలుస్తాడు, ఆవిడ "ఊఁ" అని పలుకుతుంది కూడా.

ఇదంతా ఊసుపోని వాగుడు కాదు. ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక లెక్కల మాస్టారు స్కానుకి వచ్చాడట. మహా మర్యాదస్తుడు. "బాగానే ఉందా మాస్టారూ?" అని అడిగితే నవ్వి తల ఊపాడు. ఇంకోసారి అడిగితే ఫరవాలేదన్నట్టు చెయ్యి ఊపాడు. గొంతు బిగుసుకుపోయి మాట రాక ఊపుతున్నాడని, ఇంకొకర్ని ఇబ్బంది పెట్టడమెందుకని ఓర్చుకుని కూర్చున్నాడని అక్కడ ఎవరికీ తట్టలేదు. కుర్చీలోంచి జారిపోయాక తట్టింది. ఎలాగో దక్కించుకున్నారు. ఆ రోజు నుంచి మా వదిన దగ్గర తల ఊపితే చెల్లదు. నోరు తెరవాలి, మాట బయటికి రావాలి. గొంతు బొంగురుపోయిందా, మాట మధ్యలో ఊపిరి తెగుతోందా అని ఆవిడ వింటుంది. "ఏదో ఒకటి మాట్లాడండి, తోచకపోతే నన్ను తిట్టండి" అంటుంది.

ఉద్యోగంతో ఆగితే బాగుండేది, అలవాటు ఇంటికి కూడా వచ్చింది. మనిషి కుదురుగా కూర్చోదు. కంచం చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరుగుతూ తింటుంది, తిరుగుతూ అందర్నీ పలకరిస్తుంది. వంటింట్లోంచి "అత్తయ్యా, వింటున్నారా?" పెరట్లోంచి "అత్తయ్యా, ఏం చేస్తున్నారు?" మా అమ్మ స్నానాలగదిలో ఉంటే తలుపు కొట్టి మరీ "అత్తయ్యా, ఉన్నారా?"

"లేను! గోడ దూకి పారిపోయాను!" అనేది అమ్మ లోపల్నించి.

అమ్మా ఆవిడా ఉప్పూ నిప్పూ అని చెప్పను. అలా చెబితే అబద్ధమవుతుంది. ఒకరి నోటికి ఒకరి నోరు సరిపోయేది, అంతే. మా అన్నయ్య లారీ మీద వారాల తరబడి ఊళ్ళు పట్టి తిరిగేవాడు కాబట్టి ఆ ఇంట్లో ఉన్నవి ఆ రెండు నోళ్ళే. నేను వెనక వీధిలో ఉంటాను. కుట్టుమిషన్ పెట్టుకుని కర్టెన్లూ, బడిపిల్లల బట్టలూ కుడతాను. నాకు ఓపిక తక్కువ, కోపం ఎక్కువ. వాళ్ళ తగాదాలు తీర్చడానికి నేను పనికిరానని ఇద్దరికీ తెలుసు, అయినా ఇద్దరూ నా దగ్గరికే వచ్చేవాళ్ళు.

చివరి తగాదా చుట్టాల ముందు జరిగింది. ఎవరో ఏదో అడిగితే అమ్మ ఇంకేదో జవాబు చెప్పింది. వదిన ఊరుకోవచ్చు కదా! "అత్తయ్యకి ఈమధ్య వినికిడి కాస్త తగ్గింది, చూపించాలి" అంది. మనసులో ఏమీ లేదు, నర్సు మాట నర్సు అంది. చుట్టాలు వెళ్ళిపోయేదాకా అమ్మ నవ్వు ముఖంతోనే కూర్చుంది. గేటు పడగానే మొదలుపెట్టింది.

"నాకు చెవుడా? నలుగుర్లో నన్ను చెవిటిదాన్ని చేస్తుందా? ఇక దానితో నేను మాట్లాడితే ఒట్టు."

ఒట్టంటే ఒట్టే. కానీ ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా అమ్మ అలిగితే మనిషితో మాట్లాడటం మానేస్తుంది గానీ మాటలు మానదు. ఇంకా ఎక్కువ చేస్తుంది. కూరలో ఉప్పు తక్కువైతే ఫ్యానుతో చెప్పేది. బట్టలు ఆరలేదని తలుపుతో చెప్పేది. "ఈ ఇంట్లో ఒకళ్ళకి చెవులు మా గొప్పగా ఉన్నాయి, పాలు పొంగిన చప్పుడు మాత్రం వినపడదు" అని పొయ్యికి చెప్పేది. వదిన పొయ్యి తరఫున జవాబు చెప్పేది. నేను వెళ్ళినప్పుడైతే ఇక నా బతుకు పోస్టుమ్యాన్ బతుకు. ఎదురెదురుగా కూర్చుని "దానికి చెప్పు" అని ఈవిడ, "అత్తయ్యకి చెప్పు" అని ఆవిడ. నా తల వాచిపోయేది.

అలా ఉండగా అమ్మకి కడుపునొప్పి పట్టుకుంది. వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. డాక్టరు నొక్కి చూసి, రక్తపరీక్షలు చేయించి, రంగు మందు ఎక్కించి స్కాన్ తీయాల్సిందే అన్నాడు. ఏముందో చూడందే వైద్యం చేయలేనన్నాడు. చుట్టుపక్కల ఆ స్కానింగు ఉన్నది వదిన పనిచేసేచోటే.

"ఇంకెక్కడా లేదా?" అంది అమ్మ గోడ వంక చూస్తూ.

"ఉంది, చంద్రమండలంలో. బస్సు దొరికితే వెళ్ళు" అన్నాను నేను. అన్నయ్య ఎక్కడో దారిలో ఉన్నాడు, ఫోను ఒకసారి కలిస్తే పదిసార్లు కలవదు. లోపల ఏముందో, ఏం కనబడుతుందో అని ముందు రాత్రంతా కుట్టిన బట్టే మళ్ళీ విప్పి కుట్టాను.

పొద్దున మేం వెళ్ళేసరికి వదిన మెట్ల దగ్గరే ఉంది. కాలు గాలిన పిల్లిలా పైకీ కిందికీ తిరుగుతోంది. నా చేతిలో సంచి లాక్కుంది, మళ్ళీ నాకే ఇచ్చింది. అమ్మ శాలువా సర్దబోయింది. అమ్మ భుజం పక్కకి జరిపింది.

లోపల స్టూలు మీద కూర్చోబెట్టి అందర్నీ అడిగేవే అడిగింది. "అత్తయ్యా, ఆయాసం జబ్బు లేదని నాకు తెలుసు. ఏ మందైనా ఎప్పుడైనా పడకపోవడం ఉందా? ఇంతకుముందు ఇలాంటి రంగు మందు ఎప్పుడైనా ఎక్కించుకున్నారా? దద్దుర్లుగానీ ఏవైనా వచ్చాయా?"

అమ్మ నావైపు తిరిగింది. "లేదని చెప్పు."

"లేదట" అన్నాను.

"బాగా గుర్తు తెచ్చుకోండి అత్తయ్యా. మా పెళ్ళికి ముందు సంగతులు నాకు తెలియవు కదా."

అమ్మ ఎదురుగా ఉన్న తలుపుతో అంది: "ఒకసారి చెబితే వినపడదు కాబోలు. చెవుడు ఎవరికో తెలుస్తూనే ఉంది."

మిషన్ మాస్టారు పక్కుమన్నాడు. వదిన కూడా నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు, నాకు భయంగా ఉంది. మా వీధిలో విన్న మాట ఒకటి గుర్తొచ్చి అడిగాను. "వదినా, రొయ్యలు పడనివాళ్ళకి ఈ మందు పడదంటారు. అమ్మకి రొయ్యలు పడతాయిగా, భయం లేనట్టేనా?"

"ఎవరు చెప్పారు నీకీ కబుర్లు? రొయ్యలకీ దీనికీ సంబంధమే లేదు. ఇదే మందు ముందొకసారి పడకపోయి ఉంటే, అదమ్మా భయం. అప్పుడు డాక్టరు వేరే దారి చూస్తారు."

అమ్మ గోడకున్న క్యాలెండరు చూస్తోంది. అందులో చూడ్డానికేముందో నాకు అర్థం కాలేదు.

స్కాన్ గబగబా అయిపోయింది. లోపల మైకులో ఊపిరి బిగబట్టమన్నారు, వదలమన్నారు. బయటికొచ్చి "ఒళ్ళంతా కాగిన నీళ్ళు పోసినట్టయింది" అని నాతో చెప్పింది అమ్మ, గొంతు గంటలా మోగుతోంది. హమ్మయ్య అనుకున్నాను. పక్కగదిలో కుర్చీలో కూర్చోబెట్టారు. చేతికి సూది అలాగే ఉంది. ఎదురుగా ఒక మంచం, గోడకి ఆక్సిజన్ గొట్టం, మూలన మందుల బండి. బండి మీద ఇంజెక్షన్లు ముందే సిద్ధంగా పెట్టి ఉన్నాయి. అవి కనబడకుండా బండికి వీపు పెట్టి కూర్చున్నాను.

వదిన ఒక కాలు ఆ గదిలో, ఒక కాలు ఈ గదిలో. లోపల ఇంకో మనిషికి సూది పెట్టాలి, ఇక్కడ అమ్మని చూడాలి. తలుపు తీసి తల పెట్టింది.

"అత్తయ్యా, ఎలా ఉంది? ఏదో ఒకటి మాట్లాడండి."

"ఈ ఏసీ మోతకి తోడు ఇదొకటి" అంది అమ్మ మంచంతో.

"బాగుంది" అని వెళ్ళిపోయింది వదిన. తిట్టు తిన్న మనిషి ముఖంలో అంత సంతోషం నేనెక్కడా చూడలేదు. కాసేపటికి మళ్ళీ వచ్చింది. "అత్తయ్యా, ఇంటికెళ్ళాక ఏం వండను?"

"వండేవాళ్ళు వండితే తినేవాళ్ళు తింటారు. రుచి సంగతి దేవుడెరుగు." ఇది ఆక్సిజన్ గొట్టంతో.

నా ఫోను మోగింది. ఎవరిదో కర్టెన్ల గోల. "ఇవాళ ఇవ్వలేనమ్మా, ఆసుపత్రిలో ఉన్నాను" అంటే అటునుంచి ఆవిడ ఊరుకోదే! విసుగొచ్చి గుమ్మం దాకా వెళ్ళి నాలుగు కేకలేసి వచ్చాను. వచ్చేసరికి అమ్మ మెడ గోక్కుంటోంది. ముఖం గోడవైపు తిప్పుకుని ఉంది.

వదిన మళ్ళీ తల పెట్టింది. "అత్తయ్యా?"

అమ్మ పలకలేదు.

"వినపడలేదేమో" అన్నాడు వెనకనుంచి మిషన్ మాస్టారు.

"వినపడకేం, అలక ముదిరింది. వదిలేయ్ వదినా" అన్నాను నేను.

వదిన వదల్లేదు. గదిలోకి వచ్చి తలుపు వదిలేసి, కావాలని గట్టిగా అంది: "అత్తయ్యా, ఎలాగూ వచ్చాం కదా, పైన చెవుల డాక్టరున్నాడు. మీ చెవుడు సంగతి కూడా తేల్చేసుకుని పోదామా?"

ఇప్పుడు ఇల్లు పీకి పందిరేస్తుంది అనుకున్నాను. గోడకీ, మంచానికీ, ఏసీకీ, ఆసుపత్రిలో ఉన్న ప్రతి సామానుకీ చెప్పాల్సిన మాట అది.

అమ్మ ఏమీ అనలేదు. తల కూడా తిప్పలేదు.

"చూశావా, అసలు మాట్లాడనంటే..." అని నేను అంటూనే ఉన్నాను.

"కాదు!" అంది వదిన. "మా అత్తయ్య అలిగితే నోరు మూసుకోదు."

ఆ తర్వాత జరిగింది నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తు. అమ్మ ముఖం ఇటు తిప్పింది వదిన. పెదాలు ఉబ్బి ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి, భయంతో గుండ్రంగా, నావైపే. నోరు ఏదో అనబోతోంది, సన్నటి ఈల లాంటి చప్పుడు తప్ప మాట రావడం లేదు. వదిన "డాక్టర్!" అని ఒక్క కేక పెట్టింది. మాస్టారు పరుగెత్తుకొచ్చి కాళ్ళు పట్టాడు, ఇద్దరూ కలిసి మంచం మీదికి చేర్చారు. స్కానింగు డాక్టరమ్మ లోపల్నించి వచ్చి చూసీ చూడగానే ఇంజెక్షన్ ఇచ్చేయమంది, అప్పటికే అది వదిన చేతిలో ఉంది. తొడ బయటివైపు గుచ్చింది. ముఖానికి మాస్కు పెట్టారు, కాళ్ళ కింద దిండ్లు పెట్టి ఎత్తారు, చేతి సూదిలోంచి సెలైన్ వదిలారు. సూది ఎందుకు తీయరో నాకు అప్పుడు తెలిసింది.

ఎక్కడ నిలబడినా ఎవరికో అడ్డమే. గోడకి ఆనుకుంటే పక్కకి జరగమన్నారు, తలుపు దగ్గర నిలబడితే బయటికి నడవమన్నారు. వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగాను. అన్నయ్యకి ఫోను చేశాను, కలవలేదు. కలవనందుకు ఫోన్ని తిట్టాను. ఎక్కడో ఎవరో నవ్వారు, వాళ్ళ మీద పడి కొట్టాలనిపించింది. లోపల్నించి డాక్టరమ్మ గొంతూ, వదిన గొంతూ వినపడుతున్నాయి. "బీపీ ఎంత?" "ఇంకోటి ఇద్దామా?" "అత్తయ్యా, నేనే. గాలి పీల్చండి. అంతే, అంతే. ఇంకోసారి." అమ్మ గొంతు మాత్రం లేదు. జీవితమంతా తగ్గించమ్మా తగ్గించమ్మా అని వేడుకున్న ఆ గొంతు కోసం చెవులు రిక్కించి నిలబడ్డాను, ఏడుస్తూ.

చివరికి తలుపు తెరిచి రమ్మన్నారు.

అమ్మ మంచం మీద ఉంది. మెడా చేతులూ ఎర్రటి దద్దుర్లు. కానీ ఊపిరి పీలుస్తోంది, ఛాతీ లేస్తోంది, పడుతోంది. "గండం గడిచింది. పైన వార్డులో రేపటిదాకా ఉంచి చూస్తాం, కొందరికి మళ్ళీ తిరగబెట్టవచ్చు" అంది డాక్టరమ్మ. తర్వాత అమ్మ మీదికి వంగింది. "అమ్మా, నెమ్మదిగా చెప్పండి. ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా అయిందా?"

అమ్మ మాస్కు కాస్త పక్కకి జరిపింది. గొంతు బొంగురుగా, చిన్నగా ఉంది. "ఎప్పుడో, వీళ్ళ నాన్న ఉన్న రోజుల్లో. మూత్రంలో రాయి ఉందని ఇలాంటి మందే సూదేసి ఎక్స్‌రే తీశారు. ఇంటికొచ్చాక ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి."

నాకు నషాళానికంటింది. చావు దగ్గరకెళ్ళి వచ్చిన మనిషని కూడా చూడలేదు. "మరి అడిగితే లేదన్నావేంటే? గుర్తు లేకనా?"

"గుర్తుంది."

"గుర్తుండీ?"

"నువ్వడిగావా?" అంది అమ్మ. "అది అడిగింది."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నేను అమ్మని కొట్టాలో, కౌగిలించుకోవాలో తెలియక మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాను. డాక్టరమ్మ మాస్కు సర్ది, ఈ సంగతి ఇక మీదట ఏ ఆసుపత్రికెళ్ళినా ముందు చెప్పాలని, ఎవరడిగినా చెప్పాలని, ఆ "ఎవరడిగినా" దగ్గర కాస్త గట్టిగా అని వెళ్ళింది. పోతూ పోతూ బొమ్మలో కనబడింది మందులతో తగ్గేదేనని కూడా చెప్పింది. అది వినడానికే పొద్దున్నుంచీ తపించాను, తీరా విన్నాక ఎవరి సంగతో అన్నట్టు విన్నాను.

అప్పుడు చూశాను వదినని. మందుల బండి పక్కన నేల మీద కూర్చుని ఉంది. మా వదిన కూర్చుంది! గోడకి చేరగిలబడి, ఒళ్ళో చేతులు పెట్టుకుని. మాస్టారు వచ్చి "ఏం వాగుడుకాయా, అదరగొట్టేశావు" అన్నాడు. పలకలేదు. నేను "వదినా" అన్నాను. తల ఊపింది. ఆవిడ దగ్గర చెల్లని ఊపు అది.

అమ్మ మంచం మీదనుంచి మెడ తిప్పి చూస్తోంది. మళ్ళీ మాస్కు జరిపింది. "ఏమే, దానికేమైంది? మాట్లాడటం లేదేంటి?"

"నన్నడుగుతావేం?" అన్నాను. "పోస్టుమ్యాన్ ఉద్యోగానికి రాజీనామా చేశాను. నువ్వే అడుక్కో."

అమ్మ కాసేపు గోడ వంక చూసింది. ఏసీ వంక చూసింది. అవేవీ పనికొచ్చేలా లేవు. సూది ఉన్న చెయ్యి మంచం అంచు మీదుగా కిందికి చాపింది, వేళ్ళు వదిన తలకి తగిలాయి.

"ఏమ్మాయ్" అంది బొంగురు గొంతుతో. "ఏదో ఒకటి మాట్లాడు. నాకు భయమేస్తోంది."

వదిన తలెత్తలేదు. భుజాలు కదిలాయి, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు మాత్రం వినపడింది.

"నాకు చెవుడు అత్తయ్యా" అంది. "మళ్ళీ అనండి."

అమ్మ మాస్కు పూర్తిగా లాగేసి, ఉన్న గొంతంతా పెట్టి మళ్ళీ అంది.